లిస్టు వాట్సాప్‌లోకి వస్తే జ్వరం దాచుకుంటారు

సంపాదకుడు గారికి,

మళ్లీ కరోనా లాంటిది వస్తే రోగుల పేర్లు, ఇంటి నంబర్లు వార్డు సచివాలయం బోర్డు మీద అంటించాలని, ప్రాణాల ముందు పరువెంత అని మొన్న మీ లేఖల పేజీలో ఒకాయన రాశారు. నాకు కోపం రాలేదు. 2020 ఏప్రిల్‌లో నేనూ అదే మాట అన్నదాన్నే.

అప్పట్లో రాష్ట్రంలో కేసులు ఎక్కువున్న జిల్లాల్లో మనదే ముందు, టీవీ పెడితే కర్నూలు పేరే. మా పాతబస్తీలో సందులకు బొంగులు అడ్డం కట్టేశారు. ఎవరికొచ్చిందో చెప్పకుండా దారి మూస్తే ఎట్లా అని వీధి వీధంతా తిట్టుకున్నాం. పాజిటివ్ వచ్చినవాళ్ల లిస్టు ఒకటి వాట్సాప్‌లో కనపడితే మొత్తం చదివి ఇంకో నలుగురికి పంపింది కూడా నేనే.

జులైలో మా మరిదికి వచ్చింది. ఆశా వర్కర్ ఫోన్ చేయకముందే లిస్టు వీధిలో తిరిగింది, పేరు, వయసు, డోర్ నంబరు, ఫోన్ నంబరుతో సహా. ఎవరి చేతుల్లోంచి బయటికొచ్చిందో ఇప్పటికీ తెలియదు. పక్కింటామె కిటికీలోంచే "వదినా, లిస్టులో ఉండేది మీ మరిదేనా?" అని అడిగి, జవాబు వినకుండానే రెక్క మూసుకుంది. ముక్కూ ముఖం తెలియనివాళ్లు ఫోన్ చేసి మరీ తిట్టారు. ఆయన రెండు వారాలకు లేచి తిరిగాడు గానీ, జాకెట్లు కుట్టుకుని బతికే నాకు, టెస్టులో నెగెటివ్ వచ్చినా సరే, దసరా దాకా ఒక్క గుడ్డ రాలేదు. ముందు ఇచ్చినవి కూడా వెనక్కి తీసుకుపోయారు. ఒకామె కత్తిరించి పెట్టిన ముక్కల్ని అట్లాగే సంచిలో వేసుకుని పోయింది, ఎక్కడ కుట్టించుకుందో ఏమో.

మా కష్టం మాది, దాన్ని వదిలేయండి. మా వెనక సందులో ఒక పెద్దాయనకు దగ్గు పట్టుకుంటే ఇంట్లోవాళ్లు టెస్టుకు తీసుకుపోలేదు. మెడికల్ షాపులో జ్వరం మాత్ర అడిగినా పేరు రాసుకుంటున్నారని వేరే పేటలో తెలిసినవాళ్లతో తెప్పించుకున్నారు. ఊపిరాడకపోతే తప్ప సంగతి బయటపడలేదు. అప్పటికి ఆ ఇంటికి ఎంతమంది వచ్చిపోయారో, ఎంతమందికి అంటిందో లెక్క లేదు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రావడం లేదు, మా గతి కళ్లారా చూశారు మరి.

లేఖ రాసినాయన ఒకటి ఆలోచించాలి. లిస్టులోకి ఎక్కేది టెస్టు చేయించుకున్నవాళ్లే. లక్షణాలు లేకుండా తిరిగేవాళ్లు, భయపడి దాచుకున్నవాళ్లు అందులో ఉండరు. పక్కింటి పేరు లిస్టులో లేదని మాస్కు తీసేసి అరుగు మీద కబుర్లు పెట్టుకున్నవాళ్లను మా వీధిలోనే చూశాను.

జనానికి చెప్పాల్సింది ఏ సందు, ఏ తేదీ నుంచి, ఏ రోజు ఏ దుకాణానికి పోయినవాళ్లు టెస్టుకు రావాలి అన్నది. పేరు డాక్టరుకు, ఏఎన్ఎంకు, కాంటాక్టులు వెతికేవాళ్లకు తెలిస్తే చాలు. ఐదిళ్ల సందులో ఎవరో తెలిసిపోదా అంటారు. తెలిసిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ నలుగురు ఊహించుకోవడం వేరు, సర్కారు కాగితం ఫోన్ నంబరుతో ఊరంతా తిరగడం వేరు.

ఇదేం నా సొంత పైత్యం కాదు. విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారం ఉన్నవాళ్లు ఆదేశిస్తే తప్ప కోవిడ్ రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు అంటించకూడదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 9న చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది జడ్జీలు తీర్పిచ్చారు, అది హద్దుల్లేని హక్కు కాదని కూడా అందులోనే ఉంది. 2023 డేటా చట్టం కూడా మహమ్మారి వచ్చినప్పుడు వైద్యం కోసం మన అనుమతి లేకుండానే వివరాలు వాడుకోవచ్చంటోంది. సరే, వాడుకోనీ. వాడుకున్నాక ఎవరు దాచాలి, ఎప్పుడు చెరిపేయాలి? ఆరోగ్య సేతు యాప్ వివరాలకు మామూలుగా 180 రోజులే గడువని అప్పట్లో రూలు పెట్టారు. ఇంటింటికీ తిరిగి పుస్తకాల్లో రాసుకున్నవాటికి, సొంత ఫోన్లలో ఫొటోలు తీసుకున్నవాటికి గడువు ఏదీ? ఇంకో రోగం రాకముందే, ఇప్పుడు తీరిగ్గా ఉన్నప్పుడే, లిస్టు ఎవరెవరి దగ్గర ఉండాలో, బయటికి వదిలినవాళ్లకు ఏ శిక్షో కలెక్టరు గారి ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వేయించండి, మీ పత్రికలో నాలుగు రోజులు రాస్తే అయ్యే పనే.

ఈ లేఖ రాద్దామని కూర్చుని నా పాత ఫోన్ తీసి చూశాను. ఆ ఏప్రిల్ లిస్టు ఇంకా ఉంది, పేర్లూ నంబర్లూ అన్నీ. తీసేశాను. నేను పంపిన ఆ నలుగురికీ ఫోన్ చేస్తే ఇద్దరే ఎత్తారు.

ఇట్లు,
జాకెట్లు కుట్టే ఒక పాఠకురాలు,
పాతబస్తీ, కర్నూలు