గ్యాస్ తగ్గిన రోజున ఎవరి వంతు ముందు?

సంపాదకులకు నమస్కారం.

పొరుగు దేశాలతో గ్యాస్ పైపులైన్లు కలుపుకోవాలంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఎన్ని కిలోమీటర్లు వేయాలి, ఎంత ఖర్చవుతుంది అన్నవి వివరంగా రాశారు. గ్యాస్ తగ్గిన రోజున ఎవరికి ముందు ఇస్తారు, ఎవరికి ఆపేస్తారు అన్నదాని మీద మాత్రం ఒక్క వాక్యం కూడా కనబడలేదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అదే. అలా ఎందుకంటున్నానో చెప్పాలంటే నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి.

గోదావరి జిల్లాల్లో గ్యాస్‌తో నడిచే ఒక కరెంటు ప్లాంటులో, కంట్రోల్ రూమ్‌లో షిఫ్టులు చేసినవాడిని. 2009 ఏప్రిల్‌లో సముద్రంలోని కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్ డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ మొదలైనప్పుడు మా దగ్గర పండగ వాతావరణమే. మరుసటి ఏడాదికల్లా అక్కడి నుంచి రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లు వచ్చేవి. ఆ గ్యాస్‌ను నమ్ముకునే మన రాష్ట్రంలో కొత్త ప్లాంట్లు కట్టారు, బ్యాంకులు అప్పులిచ్చాయి. ఆ తర్వాత ఉత్పత్తి పడిపోయింది. మిగిలిన గ్యాస్‌లో ఎరువుల ఫ్యాక్టరీలకు ముందు, కరెంటుకు తర్వాత అన్నది కేంద్రం పెట్టిన వరస. 2013 వచ్చేసరికి డీ6 నుంచి కరెంటు ప్లాంట్లకు అందేది సున్నా. నడపాల్సిన టర్బైన్లకు తుప్పు పట్టకుండా చూసుకోవడమే మా డ్యూటీ అయింది. కాంట్రాక్టు కుర్రాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఎరువులకు ముందు ఇవ్వడం తప్పని నేను అనను, రైతుకు యూరియా కావాలి. ఒకే దేశంలో, ఒకే ప్రభుత్వం కింద, రాసి పెట్టుకున్న వరస ఉండి కూడా ఇంత నష్టం జరిగింది. అలాంటి వరసే లేకుండా సరిహద్దు దాటే పైపు వేస్తే ఏమవుతుంది?

చిలీ దేశానికి అదే జరిగింది. 1995లో అర్జెంటీనాతో గ్యాస్ ఒప్పందం చేసుకుని, ఆండీస్ పర్వతాల మీదుగా పైపులు వేయించుకుని, కరెంటు ప్లాంట్లూ ఫ్యాక్టరీలూ ఆ గ్యాస్ మీదికే మార్చుకున్నారు. 2004లో అర్జెంటీనాలోనే గ్యాస్‌కు కొరత వచ్చింది. అక్కడి ప్రభుత్వం తన జనానికి ముందు అని చెప్పి చిలీకి కోత పెట్టడం మొదలుపెట్టింది. మూడేళ్లలో సరఫరా దాదాపు నిలిచిపోయింది. గ్యాస్ కోసం కట్టిన ప్లాంట్లలో చిలీవాళ్లు డీజిల్ మండించాల్సి వచ్చింది. 2009లో తమ తీరంలోని క్వింటెరోలో ఎల్‌ఎన్‌జీ (ద్రవరూపంలోకి మార్చిన గ్యాస్) టెర్మినల్ కట్టుకుని, ఓడల్లో గ్యాస్ తెప్పించుకోవడం మొదలుపెట్టారు. అర్జెంటీనా గ్యాస్ మళ్లీ వాళ్లకు అందింది 2018లో. మామూలు రోజుల్లో బాగా నడిచిన ఒప్పందం కొరత వచ్చిన మొదటి చలికాలానికే తేలిపోయింది. ఆ పైపుల్లో సాంకేతిక లోపం ఏమీ లేదు.

ఇక మన పక్కకు వస్తే బర్మా గ్యాస్ కథ ఉంది. దీని గురించి మన పత్రికల్లో రావాల్సినంత రాలేదని నా బాధ. 2004లో రఖైన్ తీరం దగ్గర సముద్రంలో ష్వే అనే గ్యాస్ క్షేత్రం బయటపడింది. అందులో మన ప్రభుత్వ రంగ సంస్థలు ఓఎన్‌జీసీ విదేశ్‌కు, గెయిల్‌కు కలిపి పావు వంతు వాటా ఉంది. బంగ్లాదేశ్ మీదుగా ఆ గ్యాస్‌ను మన దేశానికి తేవాలని 2005 జనవరిలో మూడు దేశాల మంత్రులు రంగూన్‌లో ఒక అవగాహనకు వచ్చారు. బంగ్లాదేశ్ మూడు కోరికలు పెట్టింది. నేపాల్, భూటాన్‌ల నుంచి మన భూభాగం మీదుగా జలవిద్యుత్ తెచ్చుకోనివ్వాలి. ఆ రెండు దేశాలతో వ్యాపారానికి దారి ఇవ్వాలి. మనతో ఉన్న వాణిజ్య లోటు తగ్గేలా చూడాలి. వీటిని పైపులైనుతో ముడిపెట్టడానికి మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. బేరం సాగుతూ ఉండగానే చైనా ముందుకొచ్చింది. 2013 నుంచి ఆ గ్యాస్ బర్మా తీరంలోని చౌక్‌ఫ్యూ నుంచి చైనాలోని యునాన్‌కు పోతోంది. వాటా మనది, గ్యాస్ వాళ్లది.

బంగ్లాదేశ్ అడిగిన మూడింటిలో మొదటిది చివరికి జరిగింది. 2024 అక్టోబరు 3న నేపాల్, భారత్, బంగ్లాదేశ్ మధ్య ఒప్పందం కుదిరి, నవంబరు 15న నేపాల్ కరెంటు 40 మెగావాట్లు మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు చేరింది. 2005లో ఇవ్వలేమన్నది పంతొమ్మిదేళ్ల తర్వాత ఇచ్చాం. అప్పుడే ఇచ్చి ఉంటే ష్వే గ్యాస్ మన వైపు వచ్చేదేమో అనిపిస్తుంది. ఇందులో ఇంకో సంగతి కూడా చూడాలి. ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం పడిపోయింది, రెండు దేశాల మధ్య మాటలు బిగుసుకున్నాయి. అయినా అక్టోబరులో సంతకాలయ్యాయి, నవంబరులో కరెంటు పారింది. పద్ధతి ప్రకారం రాసుకున్న ఒప్పందం ప్రభుత్వాలు మారినా నిలబడగలదని నేను నమ్మడానికి ఇదొక కారణం.

త్రిపురలో జరిగింది కూడా చెప్పాలి. అక్కడ గ్యాస్ ఉంది కానీ కొనేవాళ్లు దగ్గర్లో లేరు. పాలాటానాలో 726 మెగావాట్ల ప్లాంటు కట్టారు. దాని బరువైన యంత్రాలను ఆ కొండదారుల్లో తీసుకెళ్లడం కష్టమని, బంగ్లాదేశ్ నదుల మీదుగా అషుగంజ్ రేవుకు చేర్చి అక్కడి నుంచి తరలించారు. 2016 నుంచి త్రిపుర కరెంటు బంగ్లాదేశ్‌లోని కుమిల్లా వైపు పోతోంది. అంటే మన గ్యాస్ కరెంటు రూపంలో ఇప్పటికే సరిహద్దు దాటుతోంది. ఒక టర్బైన్‌ను పొరుగు దేశం మీదుగా తీసుకురావడమంటే ఎంత పనో తెలిసినవాడిని కాబట్టి ఈ సంగతి నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

విడివిడిగా ఉంటే ఎంత నష్టమో 2022లో చూశాం. ఎంఎంబీటీయూ (గ్యాస్ ధర కట్టే కొలత) ఒక్కింటికి 2020లో రెండు మూడు డాలర్లకు దొరికిన ఎల్‌ఎన్‌జీ, రష్యా యుద్ధం మొదలయ్యాక ఆసియాలో 70 డాలర్లు కూడా దాటింది. ఓడలన్నీ యూరప్‌కు మళ్లాయి. ఆ జులైలో పాకిస్తాన్ టెండరు పిలిస్తే ఒక్కరు కూడా రాలేదు. అదే నెల బంగ్లాదేశ్ స్పాట్ కొనుగోళ్లు (దీర్ఘకాల ఒప్పందం లేకుండా అప్పటి ధరకు కొనడం) ఆపేసి, దేశమంతా వేళలు పెట్టి కరెంటు కోత మొదలుపెట్టింది. మన దేశం కూడా వాడే గ్యాస్‌లో దాదాపు సగం బయట కొంటున్నదే. ఒకే హిందూ మహాసముద్రం అంచున ఉన్న మూడు దేశాలం ఒకే ఓడ కోసం ఒకరి మీద ఒకరం పాట పెంచుకున్నాం. మన తూర్పు తీరంలో ఒడిశాలోని ధామ్రాలో, తమిళనాడులోని ఎన్నూరులో టెర్మినళ్లు ఉన్నాయి. బంగ్లాదేశ్‌కు మహేష్‌ఖాలీ దగ్గర తేలియాడే టెర్మినళ్లు ఉన్నాయి. తుపానుకు వాళ్ల టెర్మినల్ ఆగితే మన వైపు నుంచి, మనకు ఇబ్బందైతే వాళ్ల వైపు నుంచి గ్యాస్ పంపుకునే లైను ఒక్కటి కూడా లేదు. సిలిగురి నుంచి బంగ్లాదేశ్‌లోని పార్వతీపూర్‌కు 2023లో పైపు ప్రారంభించారు గానీ అది డీజిల్‌ది.

బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న దేశాలు చేసిన పని చూడండి. ఫిన్లాండ్, ఎస్టోనియా, లాత్వియా మూడూ కలిపినా జనాభా మన ఉమ్మడి గోదావరి జిల్లాలు రెండింటి అంత. 2020 జనవరి నుంచి ఒక దేశపు గ్యాస్ ఇంకో దేశంలోకి పోతే సరిహద్దు దగ్గర రవాణా ఛార్జీ వేయకూడదని ఆ మూడూ ఒప్పుకున్నాయి. సముద్రం కింద ఫిన్లాండ్‌కూ ఎస్టోనియాకూ మధ్య లైను వేసుకున్నాయి. లాత్వియాలో భూగర్భ నిల్వ, లిథువేనియాలో ఎల్‌ఎన్‌జీ ఓడ అందరికీ పనికొస్తున్నాయి. 2023 అక్టోబరులో ఆ సముద్రపు లైను దెబ్బతిన్నా ఇటు ఇళ్లూ అటు ఇళ్లూ చలికి వణకలేదు. వీటన్నిటికీ పైన, 2017లో యూరోపియన్ యూనియన్ చేసిన నిబంధన ఒకటి ఉంది. గ్యాస్‌కు కటకట వస్తే పొరుగు దేశపు ఇళ్లకు, ఆసుపత్రులకు సాయం చేయాలి, దానికి పరిహారం ఎలా లెక్కగట్టాలో ముందే ఒప్పుకోవాలి. నేను అడుగుతున్నది ఇలాంటిదే.

మన దగ్గర ఈ మాట మన ప్రభుత్వమే ముందుగా అనాలి. మనది పెద్ద దేశం, పెద్ద మార్కెట్. కొరత వస్తే వాల్వు మన చేతిలో ఉంటుందని ఢాకాలో, కాఠ్‌మాండూలో భయం ఉంది. 2015 చివర్లో సరిహద్దులో సరుకు ఆగిపోయినప్పుడు వంటగ్యాస్ లేక కట్టెల పొయ్యి మీద వండుకున్న రోజులు నేపాల్ జనం మర్చిపోలేదు. ఆ భయం పోవాలంటే మనల్ని మనమే కట్టేసుకునే రూలు ఉండాలి. ఇళ్లకు, ఆసుపత్రులకు రెండు వైపులా సమానంగా ముందు. మిగిలిన వాడకందారులకు ఒకే శాతం కోత. ఎవరూ రాత్రికి రాత్రి ఎగుమతి నిషేధం పెట్టకూడదు, పెడితే పరిహారం కట్టాలి. తగాదా వస్తే రెండు దేశాలకూ చెందని మధ్యవర్తి తీర్పు చెప్పాలి.

మన ఇల్లు కూడా సర్దుకోవాలి. 2020లో గ్యాస్ కొని అమ్ముకునే ఎక్స్ఛేంజ్ వచ్చింది, 2023లో పైపు రవాణాకు ఏకీకృత టారిఫ్ వచ్చింది, ఇవి మంచివే. కానీ సహజ వాయువు ఇప్పటికీ జీఎస్టీలో లేదు, ఏ రాష్ట్రం వ్యాట్ దానిదే. పెద్ద పైపులైన్ల సంస్థ గెయిలే పెద్ద అమ్మకందారు కూడా. రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య కలవని మార్కెట్‌ను దేశాల మధ్య కలుపుతామంటే అవతలివాళ్లు నమ్మరు.

పైపు పోయే ఊళ్ల గురించి కూడా ఒక మాట. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. కోనసీమ వాళ్లకు ఆ రోజు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. సరిహద్దు దాటే లైను వేస్తే తనిఖీ నివేదికలు రెండు దేశాల భాషల్లో, ఆ దారిలోని పంచాయతీలకు అందేలా ఉండాలి. ఏ దేశపు ఇన్‌స్పెక్టరైనా లైనంతా చూసే హక్కు ఉండాలి.

కాకినాడ నుంచి శ్రీకాకుళం, అక్కడి నుంచి ఒడిశాలోని అంగుల్ దాకా అనుకున్న లైను మన గోదావరి గ్యాస్‌ను తూర్పు గ్రిడ్‌తో కలపడానికే. అంటే రేపు బంగ్లాదేశ్‌తో ఏ ఒప్పందం చేసుకున్నా దాని ప్రభావం మన ప్లాంట్ల దాకా వస్తుంది. అందుకే మన ఎంపీలకు నా విన్నపం. ఇలాంటి ఒప్పందం పార్లమెంటులో చర్చకు వస్తే పైపు పొడవు తర్వాత అడగండి. కొరత రోజున వరస ఏమిటన్న పేజీ అందులో ఉందా, ఉంటే అది జనానికి ఎప్పుడు చూపిస్తారు అని ముందు అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్లాంట్ ఆపరేటర్,
రాజమహేంద్రవరం