ఆ బోర్డు కొనకముందు ఇది చదువు చిన్నా

చిన్నా,

విండ్‌సర్ఫింగ్‌లో ఫాయిల్ (నీళ్ళలో మునిగి ఉండి బోర్డుని పైకి లేపే రెక్క) మొదలుపెట్టడానికని నువ్వు పంపిన బోర్డు చూశాను. ఘనపరిమాణం 105 లీటర్లు, 63 సెంటీమీటర్ల వెడల్పు. బోర్డు మంచిదే, ధర కూడా బాగుంది, కానీ ఇప్పుడు నీకు అది వద్దు. ఫోన్‌లో చెబితే సగం విని "సరేలే అమ్మా" అంటావు, అందుకే రాస్తున్నాను, డబ్బు కట్టేలోపు మొత్తం చదువు.

ఫిన్ బోర్డు (అడుగున చిన్న ఆకు మాత్రమే ఉండే మామూలు విండ్‌సర్ఫ్ బోర్డు) మీద నీకు చేయి తిరిగింది, కాదనను. ఆ అలవాటుతోనే చిన్న బోర్డు వైపు చూస్తున్నావు. ఫిన్ మీద వెళ్ళేటప్పుడు గాలి పెరిగేకొద్దీ బోర్డు చిన్నదైతేనే పట్టు దొరుకుతుంది, నిజమే. ఫాయిల్‌లో నీ బరువు మోసేది నీళ్ళలో ఉన్న రెక్క, బోర్డు కాదు. ఒకసారి పైకి లేచావంటే కాళ్ళ కింద ఉన్నది 110 లీటర్లా 150 లీటర్లా అన్నది పెద్దగా తెలియదు కూడా. బోర్డుతో అసలు పని లేవకముందూ, మళ్ళీ నీళ్ళమీద పడ్డప్పుడూ. మొదటి వేసవంతా నువ్వు ఎక్కువసేపు ఉండేది అక్కడే, తక్కువ గాలిలో సెయిల్ (తెరచాప) లాక్కుంటూ, ముక్కు నీటికి కొట్టుకుంటూ. ఆ సమయంలో నిన్ను నిలబెట్టేది వెడల్పూ లీటర్లే.

నీ బరువు 78 కిలోలు అనుకుందాం (సరిగ్గా తింటున్నావా అసలు?). దానికి 130 నుంచి 150 లీటర్ల మధ్యలో, 75 నుంచి 85 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది వెతుకు. ముక్కు కొంచెం పైకి వంగి ఉండాలి, అప్పుడు కిందికి వచ్చినా నీళ్ళలో గుచ్చుకోకుండా ఎగిరి మళ్ళీ సర్దుకుంటుంది. అలాగని ఇంకా వెడల్పువి చూడకు. 2024లో పారిస్ ఒలింపిక్స్ పోటీలు మార్సెయ్‌లో జరిగినప్పుడు మనం ఐక్యూఫాయిల్ (ఫాయిల్ బోర్డుల రేసు) చూశాం కదా, ఆ బోర్డు వెడల్పు 95 సెంటీమీటర్లు, మగవాళ్ళ సెయిల్ 9 చదరపు మీటర్లు, ముందు రెక్క 900 చదరపు సెంటీమీటర్లే. అది రేసు సామాను. కాళ్ళు దూర్చే స్ట్రాప్‌లు బోర్డు అంచు మీద ఉంటాయి, కాలు అక్కడిదాకా చాపి బరువంతా బయటికి వేసి వేలాడితేనే అది మాట వింటుంది. ఎవరైనా పాత రేసు బోర్డు చౌకగా ఇస్తామన్నా తీసుకోవద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది బాక్స్, అంటే ఫిన్‌నో ఫాయిల్‌నో బోర్డు అడుగున బిగించే గూడు. నీ పాత ఫిన్ బోర్డుకే ఫాయిల్ తగిలిస్తే సరిపోదా అని అడిగావు. వద్దు. ఫాయిల్ మాస్ట్ (బోర్డునీ రెక్కనీ కలిపే నిలువు కడ్డీ) ముప్పావు మీటరుకి పైన ఉంటుంది, దాని చివర రెక్క పైకి తోస్తూనే ఉంటుంది, ఆ ఒత్తిడంతా వచ్చి బాక్స్ మీద పడుతుంది, గునపంతో రాయి పెకిలించినట్టు. ఫిన్ కోసం చేసిన పవర్ బాక్స్‌ని అందుకోసం కట్టలేదు, అది పగిలిందంటే బోర్డులోకి నీళ్ళు పోతాయి. కాబట్టి ఫాయిల్ కోసమని కట్టిన డీప్ టటిల్ అనే లోతైన రకం బాక్స్ గానీ, అడుగున రెండు పొడుగాటి ట్రాక్‌లు (గాడులు) గానీ ఉండాలి. నన్నడిగితే ట్రాక్‌లే. ఫాయిల్‌ని ముందుకి జరిపితే లిఫ్ట్ (పైకి లేపే బలం) పెరుగుతుంది, వెనక్కి జరిపితే తగ్గుతుంది, కొత్తలో అలా జరుపుకునే వీలుండటం పెద్ద సుఖం. పైగా రేపు నీకు సెయిల్ బదులు వింగ్ (చేత్తో పట్టుకునే గాలి రెక్క) పట్టుకోవాలనిపిస్తే అదే బోర్డు పనికొస్తుంది. కానీ పైన సెయిల్ మాస్ట్ బిగించే ట్రాక్ ఉందో లేదో చూసుకో, వింగ్ కోసమే చేసిన బోర్డులు చాలావాటికి అది ఉండదు.

ఫాయిల్ విషయానికొస్తే, ముందు రెక్క పెద్దది, 1500 నుంచి 2000 చదరపు సెంటీమీటర్లు. తక్కువ వేగంలోనే లేస్తుంది, నెమ్మదిగా స్పందిస్తుంది, నీకు సర్దుకోవడానికి టైం ఇస్తుంది. మాస్ట్ 75, 80 సెంటీమీటర్లు చాలు. మరీ పొట్టిదైతే చిన్న అలలకే రెక్క నీళ్ళలోంచి బయటికొచ్చి దబ్బున పడతావు. కార్బన్ అక్కర్లేదు, అల్యూమినియం బరువైనా గట్టిది, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. కొత్త సెయిల్స్ కొనకు. నీ దగ్గరున్న 5.3, 6.0 చదరపు మీటర్లవి ఈ పనికి సరిగ్గా సరిపోతాయి.

నువ్వు ఉన్న చోటు గురించి కూడా ఆలోచించు. మనం కాలిఫోర్నియాలో ఫాస్టర్ సిటీలో చూసే గాలి వేరు, ఆరెగాన్‌లో కొలంబియా నది ఒడ్డున ఉన్న హుడ్ రివర్ ఊరి గాలి వేరు. వేసవిలో తూర్పు వైపు ఎడారి వేడెక్కి, సముద్రం మీది చల్లగాలిని కొలంబియా లోయలోంచి లాక్కుంటుంది, మధ్యాహ్నానికి 25 నాట్స్ (గంటకి సుమారు 46 కిలోమీటర్లు) దాటడం అక్కడ మామూలే. అందరూ ఆ గాలి కోసమే వస్తారు, నువ్వు మాత్రం 12 నుంచి 15 నాట్స్ ఉండే పూటలే చూసుకో, పోర్ట్‌లాండ్ నుంచి గంటకు పైగా డ్రైవ్ కాబట్టి పొద్దున్నే బయలుదేరాలి. ఇంకొకటి, హుడ్ రివర్ అనే నది కొలంబియాలో కలిసే చోట 2006 నవంబరు వరదలో కొట్టుకొచ్చిన ఇసుకా రాళ్ళతో పెద్ద మేట పడింది, చుట్టూ నీళ్ళ లోతు చాలా తక్కువ. ఫిన్‌తో అయితే తప్పించుకుంటావు, ఫాయిల్ నేలకి తగిలితే బోర్డు అక్కడికక్కడ ఆగిపోతుంది, నువ్వు ఆగవు. ఛాతీ లోతు దాటాకే ఎక్కు. కొండల మంచు కరిగి వచ్చే నీళ్ళు జూన్‌లో కూడా చల్లగా ఉంటాయి, మందపాటి వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్) వేసుకో.

హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బ తగలకుండా ఛాతీకి వేసుకునేది), షూస్, ఈ మూడూ బోర్డు కన్నా ముందు కొను. ఇందులో బేరం లేదు. పడేటప్పుడు ఫాయిల్ వైపు కాకుండా దూరంగా దూకు, బూమ్ (సెయిల్‌ని పట్టుకునే కడ్డీ) వదలాలనిపించినా చివరిదాకా పట్టుకుంటే సెయిల్ వైపే పడతావు, అది మేలు. మొదట్లో వెనక స్ట్రాప్ తీసేయ్, హార్నెస్‌తో (నడుముకి కట్టుకునే పట్టీతో) సెయిల్‌కి తగులుకోకు. మాస్ట్ ఫుట్, అంటే సెయిల్ మాస్ట్ అడుగుని, పైనున్న ట్రాక్‌లో ముందుకి బిగించు, ముక్కు లేవకుండా ఉంటుంది. లేచిందంటే ముందు కాలు మీద బరువు వెయ్యి, వెనక్కి వాలకు. ఫిన్ మీద నేర్చుకున్నవాళ్ళకి వెనక్కి వాలడమే అలవాటుగా వస్తుంది, ఆ ఒక్కటి మానడానికి ఓపిక కావాలి, నీకుంది.

పాతది దొరికితే వెళ్ళి చూడు, ఫోటోలు నమ్మకు. బాక్స్ చుట్టూ వెంట్రుకవాసి పగులున్నా వద్దు. మడమలు పెట్టే చోట బొటనవేలితో నొక్కు, మెత్తగా లోపలికి పోతే వదిలేయ్. ఫాయిల్‌ని అక్కడే బిగించి ఊపి చూడు, కదలకూడదు. బోల్టులు విప్పమను, ఉప్పు నీళ్ళలో వాడిన అల్యూమినియం మాస్ట్ అయితే స్టీలు బోల్టులు పట్టేసి ఉంటాయి.

ఇవన్నీ చూశాక బాక్స్ ఫోటో, వెనకాల రాసి ఉన్న లీటర్ల నంబరు నాకు వాట్సాప్ చెయ్యి, నేను చూసి చెప్పాక డబ్బు కట్టు. జులైలో నాన్నా నేనూ వస్తున్నాం, నా 4.7 సెయిల్ తెస్తాను, గాలి ఎక్కువున్న రోజు నీకు పనికొస్తుంది.

అమ్మ