ఎడారి కోటలకు కారులో పోయే బిడ్డకు

హనుమకొండ,
నవంబర్ 18

చి. ల. సౌ. స్రవంతికి, నాన్న ఆశీస్సులు.

డిసెంబర్‌లో మంచిర్యాల నుంచి సొంత కారులోనే జోధ్‌పూర్, జైసల్మేర్, బీకానేర్ తిరిగి వస్తమని అల్లుడు చెప్పిండు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తే సగం మర్చిపోతరు, అందుకే రాస్తున్న. ఈ కాగితం డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి.

ముందు రోజుల లెక్క. మీరు 12 రోజులు అనుకున్నరు, అది చాలదు. ఆసిఫాబాద్, చంద్రపూర్ మీదుగా నాగపూర్‌కు సుమారు 300 కిలోమీటర్లు. అక్కడి నుంచి బేతుల్, హర్దా మీదుగా ఇందౌర్, తర్వాత రత్లాం, మంద్‌సౌర్, నీమచ్ దాటితే చిత్తోడ్. అటు ఉదయ్‌పూర్, జోధ్‌పూర్, చివరికి జైసల్మేర్. పోవుడే 1,700 కిలోమీటర్ల దాకా అయితది. వచ్చేటప్పుడు బీకానేర్, నాగౌర్, అజ్మీర్ మీదుగా తిరిగితే మొత్తం 3,500 దాటుతది. మీ అత్తమ్మ, చిన్నోడు వెంట ఉన్నప్పుడు రోజుకు 400 కంటే ఎక్కువ నడిపితే మరునాడు కోట ఎక్కే ఓపిక ఎవరికీ ఉండదు. 15 రోజులు సెలవు పెట్టండి. దొరక్కపోతే బీకానేర్ వదిలేయండి గాని, రోజుకు ఒక కోట చొప్పున ఉరికించకండి. రైల్లో జోధ్‌పూర్ దాకా పోయి అక్కడ కారు మాట్లాడుకునే దారి కూడా ఉన్నది. అల్లుడు ఒప్పుకోడని తెలుసు, అయినా చెప్తున్న.

ఇంకో మాట. అక్కడ మనకంటే పొద్దు అరగంటకు పైనే ఆలస్యంగా పొడుస్తది. డిసెంబర్ చివర్ల జైసల్మేర్‌లో ఏడు దాటినంక గాని సూర్యుడు కనబడడు. ఇక్కడిలెక్క అయిదింటికే బయలుదేరుదామంటే రెండు గంటలు చీకట్లనే నడపాలె. చీకట్ల ఎందుకు వద్దంటే, ఒంటె కాళ్లు పొడుగు. డిమ్ లైట్ల వెలుగు దాని కాళ్ల మీదనే పడుతది, అవి సన్నగా, రోడ్డు రంగులనే ఉంటయి. గుద్దితే కాళ్లు బోనెట్‌కు తగులుతయి, ఒళ్లంతా వచ్చి అద్దం మీద పడుతది. నీల్‌గాయ్, అంటే మనుబోతు, ఒకటి దాటిందంటే వెనుక ఇంకా రెండు మూడు ఉంటయి. అవి దాటేదాక ఆగాలె. బీకానేర్, నాగౌర్ దిక్కు పొద్దుగాల పొగమంచు కూడా ఉంటది. మంచులో హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి కండ్లకే కొడుతది, లో బీమ్ మీద మెల్లగా పోవాలె. లేకుంటే తొమ్మిది దాకా ఆగి చాయ్ తాగి కదలాలె. అదే మంచిది.

ఇగ కోటల సంగతి. ఖిలా వరంగల్ చూసి పెరిగినదానివి, గోడలు, దర్వాజలు, తోరణాలు నీకు కొత్త కాదు. అక్కడ మాత్రం ప్రతి కోటలో ముందు ఒక్కటే అడుగు: వీళ్లు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నరు? మన దగ్గర ఏడాదికి దాదాపు మీటరు వాన పడుతది, దాన్ని కాకతీయులు గొలుసుకట్టు చెరువుల్లో ఆపిన్రు. జైసల్మేర్‌లో ఏడాది మొత్తం పడేది 20 సెంటీమీటర్ల లోపే. ఆ వానతో ఒక రాజధాని ఎట్ల బతికిందో తెలిస్తేనే ఆ కోట అర్థమైతది. గైడ్లు రాణుల కథలు చెప్తరు, నీళ్ల కథ మనమే అడగాలె.

చిత్తోడ్ ఎడారి కాదు, దారిల పడుతది. సుమారు 700 ఎకరాల గుట్ట, నడిచి చూడలేరు, కారు పైదాకా పోతది. ఏడు దర్వాజల ఘాట్ రోడ్డు ఇరుకు, ఎదురుగా ఆటోలు వస్తయి. రాణా కుంభా విజయస్తంభం 37 మీటర్లు, తొమ్మిది అంతస్తులు. దాని దగ్గరనే గోముఖ్ కుండం ఉన్నది, ఆవు ముఖం నుంచి ఊట నీళ్లు పడుతుంటయి. ఒకప్పుడు ఆ గుట్ట మీద 84 నీటి గుంటలు ఉండేవని చెప్తరు. 1303లో, 1535లో, 1568లో కోట మూడుసార్లు పడ్డది. నీళ్లు లేక కాదు.

ఉదయ్‌పూర్ నుంచి కుంభల్‌గఢ్ కోట 85 కిలోమీటర్లు. గోడ 36 కిలోమీటర్ల పొడవని రాస్తరు. మొత్తం నడవాలని చూడకండి, దర్వాజ నుంచి ఒక అరగంట నడిస్తే దాని వంపు తెలుస్తది. అక్కడి నుంచి రణక్‌పూర్‌కు దిగే దారి ఘాట్. దిగేటప్పుడు రెండో గేర్‌లో ఉంచాలె, న్యూట్రల్ చేయొద్దు, బ్రేకు మీద కాలు పెట్టే ఉంచొద్దు. డిస్కులు కాగితే బ్రేకు పట్టదు. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి ఇరవై నిమిషాలు చల్లారనియ్యాలె, నీళ్లు చల్లొద్దు. రణక్‌పూర్ జైన మందిరం యాత్రికులకు మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదు దాకనే, పొద్దుగాల పూజలు. తోలు బెల్టు, పర్సు లోపలికి రానియ్యరు. పాలరాతి స్తంభాలు 1,444 అంటరు. చిన్నోన్ని లెక్క పెట్టుమను.

ఆరావళి దాటినంక గాలి ఎండిపోయిన సంగతి పెదవులకే తెలుస్తది. రోజుకు మనిషికి మూడు లీటర్లు తాగాలె. చలికాలం దూప కాదు, అందుకే తాగరు, మాపటికి తల నొస్తది. రాత్రి 5 డిగ్రీలకు పడిపోతది, పగలు 25 ఉంటది. టైరు గాలి కూడా దాంతో మారుతది: 20 డిగ్రీలు తేడా వస్తే 3, 4 పాయింట్లు (పీఎస్ఐ). మధ్యాహ్నం వేడి టైర్లకు లెక్క చూసి గాలి తీసేస్తే తెల్లారి తక్కువైతది. డ్రైవర్ దిక్కు డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసిన లెక్క చల్ల టైర్లకే. పొద్దుగాల కదిలే ముందే పట్టించాలె.

జోధ్‌పూర్‌ను 1459లో రావ్ జోధా కట్టిండు. అక్కడి కోట మెహ్రాన్‌గఢ్ తొమ్మిదింటికి తీస్తరు, ఆ గంటలనే పోండి. అత్తమ్మ మోకాళ్లకు లిఫ్ట్ ఉన్నది, దానికి వేరే టికెట్ తీసుకోవాలె. మీరిద్దరు మాత్రం నడిచే ఎక్కండి. దర్వాజకు ముందు దారి వంకర తిరుగుతది, ఏనుగు ఉరికొచ్చి తలుపును గుద్దకుండా. ఖిలా వరంగల్ రాతి గోడ దర్వాజల కాడ దారి మలిగినట్టే. తలుపుల మీద ఇనుప ముండ్లు కూడా అందుకే. గుట్ట మీద ఉన్న చీడియానాథ్ అనే సాధువును ఖాళీ చేయించి కోట కట్టినందుకు ఆయన నీళ్ల కరువు శాపం పెట్టిండని కథ. శాపం మాటేమో గాని, కోట కింద రాణీసర్, పదంసర్ చెరువులు చూస్తే ఆ భయం ఎంత నిజమో తెలుస్తది. ఊర్లో తూర్‌జీ కా ఝాల్రా అనే మెట్ల బావి ఉన్నది, 1740ల నాటిది. నీళ్లు ఎంత కిందికి పోయినా కడవతో దిగి ముంచుకునేటట్టు మెట్లు. కారు బయటనే పెట్టి పాత బస్తీలకు ఆటోలో పోండి. ఆ గల్లీల్లో ఇరుక్కుంటే రివర్స్‌లనే రావాలె. అక్కడి మిర్చి వడ మన మిర్చి బజ్జీ కాదు, లోపల ఆలుగడ్డ ముద్ద ఉంటది. ఒకటి తింటే చాలు.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ 280 కిలోమీటర్లు, పోకరణ్ మీదుగా. రోడ్డు బాగుంటది, అదే ప్రమాదం. తిన్నగా, ఖాళీగా ఉండి నిద్ర వస్తది. గంటన్నరకు ఒకసారి ఆగి సీటు మార్చుకోండి, నువ్వు కూడా నడుపు. గాలికి ఇసుక నాలుకలాగ రోడ్డు మీదికి వస్తది. దూరం నుంచే స్పీడు తగ్గించి, దాని మీద ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పకుండా, బ్రేకు కొట్టకుండా దాటాలె. అద్దం మీద దుమ్ము పడితే వైపర్ ఎండగ వేయొద్దు, గీతలు పడి ఎదురెండల ఏమీ కనబడదు. ముందు నీళ్లు కొట్టాలె. టాంకు సగానికి వచ్చినప్పుడే నింపండి. జైసల్మేర్ దాటినంక బంకు మీద ఆశ పెట్టుకోవద్దు. సీసాల్లో పెట్రోల్ మాత్రం కారులో పెట్టొద్దు.

జైసల్మేర్ దగ్గర జర ఎక్కువ రాస్తున్న, ఎందుకంటే ఆ కోట కష్టంలో ఉన్నది. 1156లో రావల్ జైసల్ త్రికూట గుట్ట మీద కట్టిన కోట అది, 99 బురుజులు. ఇప్పటికీ వేల మంది లోపల కాపురం ఉంటున్నరు. ఆ గుట్ట గట్టి రాయి కాదు, ఇసుకరాయి, మట్టి పొరలు. కడవతో నీళ్లు మోసుకున్నన్ని రోజులు ఏమీ కాలేదు. నల్లాలు వచ్చి, లాడ్జీలు వచ్చి, రోజంతా వాడిన నీళ్లు లీకైన పైపుల నుంచి, మోరీల నుంచి గుట్టలోకి ఇంకి మట్టి నానిపోయింది. 1990లలో కొన్ని బురుజులు కూలినయి. ఎడారిలో నీళ్లు లేక చావాల్సిన కోట నీళ్లు ఎక్కువై దెబ్బతిన్నది. కోట లోపల రూము చౌకగా దొరుకుతది, కిటికీ నుంచి మంచి దృశ్యం అని వెబ్‌సైట్లు చూపిస్తయి. తీసుకోవద్దు. బయట కోట కనబడేటట్టు రూము తీసుకొని, పొద్దుగాల ఎండ పడ్డప్పుడు పసుపు రాయి మెరిసేది చూడండి. కారు పైకి తీసుకపోయే ఆలోచన వద్దు.

కోట తర్వాత గడీసర్ చెరువుకు పోండి. 14వ శతాబ్దం నాటిది, నల్లాలు రాకముందు ఊరంతా ఈ నీళ్ల మీదనే బతికింది. మరునాడు 18 కిలోమీటర్ల దూరంలోని కుల్‌ధరా. దయ్యాల ఊరని బోర్డులు, కథలు ఉంటయి, వాటిని వదిలేయండి. అక్కడ ఉన్నది పాలీవాల్ బ్రాహ్మణులు, 19వ శతాబ్దం మొదట్ల ఊర్లు విడిచి పోయిన్రు. వాళ్ల అసలు గొప్పతనం ఖడీన్. రాతి గుట్ట నుంచి దిగే వాన నీళ్లకు అడ్డంగా మట్టి కట్ట వేసి ఆపుతరు, నీళ్లు ఇంకినంక ఆ తేమ మీదనే గోధుమ, శనగ వేస్తరు. మన దగ్గర చెరువు ఎండినంక శిఖం భూమిలో పంట వేసినట్టే. కాకపోతే అక్కడ చెరువు కట్టిందే ఆ పంట కోసం. డిసెంబర్‌లో పోతే పచ్చగా కనబడే పొలాలు అట్లాంటివే. ఇంటి ముందర గుండ్రంగా, మూత పెట్టి కనబడేది టాంకా. చుట్టూ వాలుగా చదును చేసిన నేల మీద పడ్డ వాన దాంట్లకు దిగుతది. ఆ చదును మీద చెప్పులతో నడవొద్దు, అది వాళ్ల తాగే నీళ్ల దారి.

సామ్ ఇసుక తిన్నెలు 40 కిలోమీటర్లు. మీది ముందు చక్రాలు లాగే కారు, తిన్నెల మీదికి దింపొద్దు. పార్కింగ్ కోసం పక్కకు తిప్పినా కూరుకపోతది. అట్ల అయితే రేస్ ఇవ్వొద్దు. చక్రం ఒక్క తిప్పుకు ఒక బెత్తెడు లోతుకు పోతది, కారు పొట్ట ఇసుక మీద కూసుంటది. దిగి, చక్రాల ముందూ వెనుకా చేతులతో ఇసుక తీయండి. ముందు టైర్ల గాలి 18 పాయింట్లకు దించండి, అప్పుడు టైరు వెడల్పుగా ఇసుక మీద ఆనుతది. స్టీరింగ్ తిన్నగా పెట్టి, కాళ్ల కింది మ్యాట్లు చక్రాల కింద దూర్చి, వచ్చిన దారిలనే రివర్స్‌లో మెల్లగా రావాలె. రోడ్డు ఎక్కినంక గాలి కొట్టకుండా స్పీడు పెంచితే టైరు కాగి పగులుతది. అందుకే 12 వోల్టుల గాలి పంపు, గేజి కొనండి. ఇసుకలో జాకీ నేలలోకి దిగుతది, కింద పెట్టడానికి అడుగు చదరం, ముప్పావు అంగుళం మందం ప్లైవుడ్ ముక్క డిక్కీలో ఉండాలె.

బీకానేర్‌కు 330 కిలోమీటర్లు, ఫలోదీ మీదుగా. ఫలోదీ దగ్గర ఖీచన్ ఊరికి చలికాలం వేల కొంగలు, కుర్జాలంటరు, పొద్దుగాల గింజలకు దిగుతయి. చిన్నోని కోసం ఒక రాత్రి ఫలోదీలో ఆగితే బాగుంటది. బీకానేర్ కోట జూనాగఢ్ గుట్ట మీద లేదు, చదును నేల మీద ఉన్నది. గుట్ట లేనందుకు కందకం తవ్విన్రు, మన ఖిలాకు తవ్వినట్టు. 1589 నుంచి 1594 నడుమ రాజా రాయ్ సింగ్ కట్టిండు. దాంట్ల బాదల్ మహల్ వదలకండి: గోడల నిండా నీలి మబ్బులు, వాన చినుకులు గీసిన్రు. వాన చూడని పిల్లలకు గోడ మీద వాన! మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానం కూడా లోపల ఉన్నది. భుజియా కొంటే మోఠ్ పప్పుతో చేసిందా అని అడగండి, శనగపిండిది మన దగ్గరా దొరుకుతది.

తిరిగి వచ్చినంక మొదట ఎయిర్ ఫిల్టర్ తీసి చూపించాలె, దుమ్ముతో నిండి ఉంటది. ఏసీ ఫిల్టర్ కూడా. పోయే ముందు కూలెంట్, బ్యాటరీ, స్టెప్నీలో గాలి చూపించండి. స్టెప్నీని అందరూ మర్చిపోతరు.

మీ అమ్మ సర్వపిండి చేస్తనంటున్నది. అది రెండు రోజులకే పాడైతది, నాగపూర్ దాటేలోగా తినాలె. సకినాలైతే జైసల్మేర్ దాకా ఆగుతయి. రెండు కిలోలు పోస్తున్నది, డబ్బా మూత గట్టిది చూసి ఆదివారం మంచిర్యాల బస్సుకు పంపిస్త.

ఇట్లు,
నాన్న