బుజ్జమ్మకు, తూటాలు లెక్కపెట్టుకోమని

ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం
కార్తీక శుద్ధ దశమి

చి. బుజ్జమ్మకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అల్పపీడనం అంటూ ముసురు పట్టి నిన్ననే తెరిపి ఇచ్చింది. బట్టలు ఆరక ఇల్లంతా చెమ్మ వాసన. మీ నాన్నగారి మోకాలి నొప్పి కాస్త నయం. వాన లేని సాయంత్రాల్లో బీచ్ రోడ్డు మీద సబ్‌మెరైన్ వరకూ నడిచి వస్తున్నారు. నువ్వు మేడ మీద నాటిన కరివేపాకు నా ఎత్తు దాటింది. గాజువాక పిన్ని ఆదివారం వచ్చి రోజంతా ఉండి వెళ్ళింది. చిన్నబాబు కూడా వచ్చాడు. వాడి ఫోనులో నీ ఫోటో చూశాను.

మీ ఆరిజోనా ఎడారిలో నిలబడి ఉన్నావు. చేతిలో నల్లటి రైఫిల్. పిన్ని నోటి మీద చెయ్యి వేసుకుంది. నేను ముందు నీ చూపుడువేలు ఎక్కడ ఉందో చూశాను. ట్రిగ్గర్ మీద లేదు, దాని చుట్టూ ఉండే గార్డుకు బయట నిటారుగా చాచి ఉంది. గొట్టం నేల వైపు ఉంది. ఎవరో నీకు సరిగానే నేర్పారు అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఆ తరువాత పాదాలు చూశాను. చెప్పులు! మెడ దిగిన చొక్కా, విరబోసిన జుట్టు! సెమీ ఆటోమేటిక్, అంటే ఒక్కొక్క నొక్కుకు ఒక్కొక్క తూటా పేల్చి తరువాతది తానే ఎక్కించుకునే తుపాకీ, పేలిన ప్రతిసారీ తూటా ఖాళీ తొడుగును పక్కకు విసురుతుంది. అది చురుక్కుమనేంత వేడిగా ఉంటుంది. పక్కన కాల్చేవాళ్ళ తొడుగు ఒకటి ఎగిరి వచ్చి నీ మెడలో పడితే ఎగిరిపడతావు, అప్పుడు నీ చేతిలోని గొట్టం ఎటు తిరుగుతుంది? మెడ దాకా గుండీలు పెట్టుకో. బూట్లు వేసుకో. జుట్టు ముడి వేసుకుని టోపీ పెట్టుకో.

నాకు ఇవన్నీ ఎలా తెలుసని ఆశ్చర్యపోకు. డిగ్రీలో ఎన్.సి.సి. ఉన్నప్పుడు చిన్న తూటాల .22 రైఫిల్‌తో బోర్లా పడుకుని కాల్చినదాన్ని. తుపాకీమందు వాసన, భుజానికి ఆనుకున్న కర్ర, ఊపిరి బిగబట్టి మెల్లగా ట్రిగ్గర్ నొక్కడం, కాగితం మీద రంధ్రాలన్నీ ఒక్కచోట పడితే వచ్చే సంతోషం ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకే నీ సరదా మీద నాకు కోపం లేదు. ఆ సంగతి నీ నోటి నుంచి వినకుండా ఇంకొకరి ఫోనులో చూడవలసి వచ్చినందుకు మాత్రం మనసు కలుక్కుమంది. ఈ మధ్య నీ ఫోన్లు రెండు నిమిషాల్లో అయిపోతున్నాయి. వీడియో పెట్టమంటే చీకటిగా ఉందంటావు. రాత్రి పూట ఎవరైనా తలుపు తడుతున్నారా? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా? సరే, ఆ మాట తరువాత.

చిన్నబాబు అది ఏ.ఆర్.15 అనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అన్నాడు. నీ సొంతమో, గురి చూసి కాల్చే రేంజులో అద్దెకు తీసుకున్నదో వాడికీ తెలియదు. ఇంకా కొనకపోతే నా మాట విని ముందు .22 కొనుక్కో. రూగర్ 10/22 అని 1964 నుంచి తయారవుతోంది. అదీ సెమీ ఆటోమేటిక్కే. పది తూటాలు పట్టే డబ్బా, అదే మ్యాగజైన్, లోపలే ఇమిడిపోతుంది. తూటా చవక, భుజం మీద తన్నదు, చప్పుడు తక్కువ. తన్నుతుందేమోనన్న భయంతో పేలకముందే కన్ను మూసే అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం కష్టం. చిన్న తూటాతో ఏడాది పాటు చేయి కుదురుకోనివ్వు. చిన్న తూటా అని దాన్ని తేలికగా తీసుకోకు. అది కిలోమీటరుకు పైగా పోగలదు.

నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి కొనే హక్కు ఉంది. నీతో ఉండే అమ్మాయి ఇంకా హెచ్1బి వీసా మీదే ఉంది కదా. వీసా మీద ఉన్నవాళ్ళు వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ పట్టుకోవడమే అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. సరదాకు చేతికిచ్చి ఫోటో తీస్తే ఆ పిల్ల భవిష్యత్తే పోతుంది. ఎవరైనా స్నేహితులు నీ పేరు మీద కొనిపెట్టమని అడిగినా మొహమాటపడకు. కొట్టులో నింపే 4473 నంబరు ఫారంలో ఈ తుపాకీ నా కోసమే కొంటున్నానని సంతకం పెడతావు. అది అబద్ధమైతే జైలే. లాస్ ఏంజెలస్‌లో పెద్దత్తయ్య ఇంటికి కారులో వెళ్ళేటప్పుడు డిక్కీలో రైఫిల్ మరిచిపోకు. ఆరిజోనాలో చెల్లేది కాలిఫోర్నియాలో చెల్లదు. ఏ.ఆర్. లాంటివి అక్కడ చాలా వరకు నిషేధం, పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లకూ ఆంక్షలున్నాయి. అసలు కారులో ఎప్పుడూ వదలకు. తుపాకుల దొంగలు ముందు వెతికేది కార్లనే.

మన దగ్గర ఇది ఊహకు కూడా అందదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మామూలు మనిషికి లైసెన్సు మీద కూడా దాదాపు దొరకదు. మామూలు తుపాకులైనా 2019 చట్ట సవరణ తరువాత ఒకరికి రెండుకు మించి ఉండకూడదు. చోడవరం తాతయ్య ఒంటి గొట్టం తుపాకీకే ఎన్ని తిప్పలని! చెరకు తోటలో పందులను బెదరగొట్టడానికి తప్ప ఆయన దాన్ని బయటికి తీసేవారు కాదు. ఏడాదికి ఇన్ని తూటాలని లైసెన్సు పుస్తకంలో రాసి ఉండేది. కొట్టువాడు అమ్మిన ప్రతి తూటానూ అందులో ఎక్కించి సంతకం పెట్టేవాడు.

ఆ తూటా పోయిన రాత్రి సంగతి నీకు సగమే తెలుసు. చిన్న మామయ్య ఎప్పుడూ సగమే చెబుతాడు. అది డిసెంబరు. మర్నాడు లైసెన్సు రెన్యువల్‌కు వెళ్ళాలి. సాయంత్రం తాతయ్య బీరువా తెరిచి తూటాలు మంచం మీద పోసి లెక్కపెట్టారు. ఒకటి తక్కువ. మళ్ళీ లెక్కపెట్టారు. అమ్మమ్మ చేత లెక్కపెట్టించారు. ఒకటి తక్కువే. గానుగ ఆడుతున్న రోజులు కదా, కళ్ళంలో పెనం నిండా పాకం మరుగుతోంది. పిల్లలందరూ పగలంతా ఎండిన చెరకు పిప్పి కుప్ప మీద దొర్లి ఆడుకున్నారు. ఆ పిప్పినే పొయ్యిలోకి తోస్తున్నారు. తాతయ్య ముఖం అలా పాలిపోవడం నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా కళ్ళంలోకి పరుగెత్తారు. పొయ్యి ఆర్పమన్నారు. ఇంకాసేపట్లో పాకం దిగుతుంది, ఇప్పుడు ఆపితే బెల్లం గట్టిపడదని పెనం దగ్గరివాళ్ళు బతిమాలారు. వినలేదు. నిప్పంతా బయటికి లాగించి నీళ్ళు కొట్టించారు. పెనం పాకం పాడైపోయింది. ఆ ఏడాది బెల్లం ధర ఎలా ఉందో, అప్పు ఎంత ఉందో నాకు తెలుసు కాబట్టి ఆ నీళ్ళు పోస్తుంటే చూడలేకపోయాను. రాత్రంతా లాంతర్లు పెట్టుకుని, కూలీలూ మేమూ కలిసి, పిప్పి కుప్పను గుప్పెడు గుప్పెడు చొప్పున తిరగేశాం. చిన్న మామయ్యకు అప్పుడు ఎనిమిదేళ్ళు. వాడూ మాతోపాటే వెతికాడు. నిద్ర వస్తోందని ఏడ్చాడు కూడా. తెల్లవారి అమ్మమ్మ ఉప్మాకు తాలింపు పెడదామని పోపులపెట్టె తెరిచి ఆవాల గిన్నె ఎత్తితే, దాని కింద ఎర్రటి తూటా! బడిలో స్నేహితులకు చూపించాలని తీశాడట. లెక్కపెట్టడం విని భయపడి, మగవాళ్ళెవరూ చెయ్యి పెట్టని చోటు కదా అని అక్కడ దాచాడట. పోపులపెట్టె ఉండేది పొయ్యికి జానెడు దూరంలో. తాతయ్య వాడిని కొట్టలేదు. బీరువా తాళం చెవి మేకుకు తగిలించినవాడిది తప్పు అన్నారు. ఆ రోజే వడ్రంగిని పిలిపించి తూటాలకు వేరే పెట్టె చేయించారు. తుపాకీ ఒక గదిలో, తూటాలు ఇంకొక గదిలో, చెవి ఆయన మొలతాడుకు. పోయేవరకూ ఆదివారం ఆదివారం లెక్కపెట్టుకునేవారు.

అక్కడ .22 తూటాలు 500 ఒక్క డబ్బాలో అమ్ముతారట. ఎవరూ ఏ పుస్తకంలోనూ ఎక్కించరు. అయితే నువ్వే ఎక్కించుకో. ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఎన్ని కొన్నావో, ఏ రోజు ఎన్ని కాల్చావో, ఎన్ని మిగిలాయో రాసుకో. రైఫిల్ సీరియల్ నంబరు అందులోనే మొదటి పేజీలో రాయి. స్టీలు బీరువాలాంటి సేఫ్ రైఫిల్‌తోపాటే కొను, తరువాత కొందాములే అనుకోకు.

ఇంకొకటి. తాతయ్య తుపాకీని మధ్యకు విరిస్తే గొట్టంలోంచి వెలుగు కనిపించేది. ఖాళీ అని ఇట్టే తెలిసేది. నీది అలా కాదు. ఒక తూటా పేలగానే బోల్టు అనే కదిలే ఇనుప ముక్క వెనక్కి వెళ్ళి వస్తూ ఇంకొక తూటాను తానే చాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గూటిలోకి, తోసుకుంటుంది. మ్యాగజైన్ ఊడదీసినా ఆ ఒక్కటీ లోపలే ఉంటుంది. ముందు మ్యాగజైన్ తియ్యి, తరువాత బోల్టు లాగు, చాంబర్‌లోకి కంటితో చూడు, వేలు పెట్టి తడుము. వరుస తప్పి ముందు బోల్టు లాగి తరువాత మ్యాగజైన్ తీస్తే కొత్త తూటా ఎక్కి కూర్చుంటుంది. తుడిచేటప్పుడు ఫోను మాట్లాడకు. ఖాళీ అని నీకు ఎంత నమ్మకం ఉన్నా మనిషి వైపు తిప్పకు.

ఆ ఫోటోలో నువ్వు ఎటు కాల్చావో కనిపించలేదు. ఎదురుగా ఎత్తయిన మట్టి గుట్ట ఉందా? ఎడారి కదా, ఎవరూ ఉండరులే అనుకోకు. ఆరిజోనా రాష్ట్రం చేతిలో ఉన్న స్టేట్ ట్రస్టు భూమిలో గురి చూసి కాల్చడం నిషేధం. బి.ఎల్.ఎం. అనే కేంద్ర ప్రభుత్వ శాఖ చూసుకునే భూముల్లో చాలాచోట్ల కాల్చనిస్తారు. నేషనల్ ఫారెస్టులో అయితే ఇళ్ళకూ క్యాంపులకూ జనం ఉండే చోట్లకూ 150 గజాల లోపల కాల్చకూడదు, రోడ్డుకూ నీటికీ అడ్డంగా కాల్చకూడదు. ఎండాకాలంలో నిప్పు భయం వల్ల ఆ అనుమతి కూడా తీసేస్తుంటారు. ఇదంతా మ్యాపు చూసుకుని తేల్చుకోవాల్సిన పని. మొదట్లో నువ్వు ఫీనిక్స్ ఉత్తరాన ఉన్న బెన్ ఏవరీ రేంజుకే వెళ్ళు. ఆరిజోనా గేమ్ అండ్ ఫిష్ విభాగం నడుపుతోంది, చాలా పెద్దది. అక్కడ కనిపెట్టి చూసేవాళ్ళు ఉంటారు. ఆపమనగానే అందరూ తుపాకులు కింద పెట్టి వెనక్కి జరుగుతారు, అప్పుడే ముందుకు వెళ్ళి కాగితాలు మార్చుకుంటారు. ఒంటరిగా ఎడారికి మాత్రం వెళ్ళకు.

1999లో మీ ఫీనిక్స్‌లోనే ఒక 14 ఏళ్ళ పిల్ల తన పెరట్లో నిలబడి ఫోను మాట్లాడుతూ ఉంటే, ఎవరో ఎక్కడో గాలిలోకి కాల్చిన తూటా వచ్చి తలకు తగిలింది. ప్రాణం పోయింది. ఆ పిల్ల తల్లిదండ్రులు పోరాడితే మరుసటి ఏడాది ఊళ్ళలో అలా కాల్చడాన్ని పెద్ద నేరం చేస్తూ షానన్ చట్టం వచ్చింది. అది చదివినప్పటి నుంచి ఆ తల్లి గురించే ఆలోచిస్తున్నాను.

ఇంకొకటి కూడా చదివాను, చెప్పకుండా ఉండలేను. అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా తమకు తామే తీసుకున్నవి. బుజ్జమ్మా, పోయిన వేసవిలో ఆ సంబంధం సంగతి అలా అయ్యాక నువ్వు నవ్వుతూ మాట్లాడడం నేను వినలేదు. నువ్వు అలాంటిదానివి కావని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. రాత్రి నిద్ర పడుతోందా? వండుకుని తింటున్నావా? రైఫిల్ పట్టుకున్నది సరదాకా, భయానికా, ఇంకెందుకైనానా? ఏదైనా సరే నాకు చెప్పు, కోప్పడను. మనసు బాగోలేని రోజుల్లో రైఫిల్ నీ ఇంట్లో ఉంచకు. గిల్బర్టులో అన్నయ్యా వదినా ఇద్దరూ పౌరులే, వాళ్ళ సేఫులో పెట్టి తాళం చెవి వాళ్ళ దగ్గరే వదిలెయ్యి. నేను వదినతో మాట్లాడాను, ఏమీ అడగకుండా తీసుకుంటానంది. మనసు బాగోలేనివాళ్ళ కోసం అక్కడ 988 అనే ఫోను నంబరు ఉంది, ఏ వేళ చేసినా పలుకుతారట. ముందు నాకు చెయ్యి. ఇక్కడ ఎంత రాత్రయినా ఫోను తలగడ పక్కనే ఉంటుంది.

మీ నాన్నగారికి ఫోటో సంగతి ఇంకా చెప్పలేదు. నువ్వే చెప్పు. ఆదివారం వీడియోలో, లైటు వేసుకుని. మార్గశిరం మొదటి గురువారం బురుజుపేట అమ్మవారికి నీ పేరున పూజ చేయిస్తాను.

అమ్మ

తా.క. వదిన వాళ్ళ నాన్నగారు వచ్చే నెల బయలుదేరుతున్నారు. మాడుగుల హల్వా, కందిపొడి, రెండు కాటన్ చొక్కాలు పంపిస్తున్నాను. చొక్కాలు మెడ మూసేవి, రేంజుకు వేసుకో. తూటాలో సీసం ఉంటుంది, ఆ పొడి చేతులకూ బట్టలకూ అంటుకుంటుంది. తిరిగి రాగానే చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి చేతులూ ముఖమూ కడుక్కో, ఆ బట్టలు విడిగా ఉతుకు. చెవుల్లో బిరడాలు పెట్టుకుని పైన చెవులను కప్పే మఫ్‌లు కూడా పెట్టుకో. కళ్ళద్దాలు నీకు పవరు ఉన్నవి చాలవు, వాటి మీద రక్షణ కళ్ళద్దాలు ఇంకొకటి కావాలి.