హాలియా రోడ్డు మీద ఆగిన కాకకు

నిన్న పొద్దున నల్గొండలో మా ఇంటి నుంచి పానగల్లు దాకా సైకిల్ తొక్కి వచ్చాను. పోను రాను కలిపి 10 కిలోమీటర్లు కూడా ఉండదు. ఛాయా సోమేశ్వరాలయం దగ్గర దిగి, మోకాలు రెండుసార్లు మడిచి చూసుకున్నాను. నొప్పి లేదు. 14 వారాల తర్వాత మొదటిసారి. అక్కడే గద్దె మీద కూర్చుని ఏడ్చాను. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఒంట్లో ఓపిక లేదు, కానీ ఈ మాటలు ఇవాళే రాయాలి.

సంక్రాంతి తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే నాగార్జునసాగర్ పోయాను. అంతవరకు వారమంతా కలిపి 60 కిలోమీటర్లు తొక్కేదాన్ని. ఆ ఒక్కరోజే దాదాపు 130 అనుకుని బయల్దేరాను. ఎదురుగాలికి కూడా పెద్ద గేరులోనే తొక్కాను. తిరుగు దారిలో హాలియా దాటి కనగల్ వైపు వస్తుంటే మోకాలి చిప్ప కింద సూది గుచ్చినట్టయింది. ఇంకో రెండు కిలోమీటర్లు పోయేసరికి పెడల్ మీద కాలు మోపలేకపోయాను. మా ఆయన హైదరాబాద్‌లో ఉన్నాడు. మధ్యాహ్నం మూడు గంటలు, రోడ్డు మీద ఎవరూ లేరు.

అప్పుడు ఎక్స్‌ఎల్ బండికి లొట్లు కట్టుకుని, భుజాన మోకు వేసుకుని ఒకాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. మాపటి కల్లు గీయడానికి పోతున్నాడు. నేను కొంచెం బెదిరానని ఆయనకు తెలిసిపోయింది. దూరంగానే ఆగి, ఫోన్ కలిపి నాకిచ్చి, "మా ఇంటామెతోని మాట్లాడు బిడ్డా, భయపడకు" అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు సగం ధైర్యం వచ్చింది.

తువ్వాల మడిచి నా మోకాలి కింద పెట్టాడు. బొటనవేలితో చిప్ప కింది అంచున సరిగ్గా ఆ చోటే నొక్కి, "గీడనేనా?" అని అడిగాడు. "నాకు గీ నొప్పి రెండేండ్లు ఉండె. పండుకుంటె తగ్గలె, ఎగవడి ఎక్కినా తగ్గలె. పొట్టి తాడు కాడ మొదలువెట్టిన. కాలు అలవాటైనంకనే పెద్ద తాడెక్కిన" అన్నాడు. తాడంటే తాటిచెట్టు.

లొట్లు దించి చెట్టు కింద పెట్టి, సైకిల్‌ను వాళ్ల ఊళ్లో ఇంట్లో ఉంచి, నన్ను బండి మీద నల్గొండ దాకా తెచ్చాడు. ఒక పూట గీత తప్పితే కల్లు తగ్గిపోతుందని నాకు తర్వాత తెలిసింది. నేనిచ్చిన 500 నోటు మడిచి నా సంచిలోనే పెట్టి, "ఆపతిల పైసలేంది బిడ్డా" అన్నాడు. రెండు రోజులకు మా తమ్ముడు సైకిల్ కోసం పోతే మంచు పడకుండా గోనెసంచి కప్పి ఉందట, టైర్లలో గాలి కూడా కొట్టించాడట. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేసి "కాలెట్లున్నది?" అని అడుగుతూనే ఉన్నాడు. కాకా, నువ్వు పేరు రాయొద్దన్నావు, రాయడం లేదు. నీ రుణం ఎట్లా తీర్చుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇంట్లో వాళ్లు అందరూ చూసుకున్నారు, అది వేరే చెప్పాలా.

మొదట పోయిన ఆసుపత్రిలో మాత్రం కాలు ముట్టుకోకుండానే ఎమ్మారై రాశారు. తర్వాత ఇంజెక్షన్ అన్నారు, చివరికి "ఈ వయసులో సైకిల్ ఎందుకమ్మా, మానేయండి" అన్నారు. నొప్పి ఉన్నది మోకాలి చిప్పను కాలి ఎముకకు కట్టి ఉంచే టెండన్‌లో. ఊరికే కూర్చుంటే అది బలపడదు, మెల్లమెల్లగా బరువు మోపుతూ అలవాటు చేయాలి. ఈ మాట నాకు చెప్పింది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫిజియోథెరపిస్ట్ మేడం. గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు 45 సెకన్లు, అట్లా 5 సార్లు చేయించారు. కొన్ని వారాలకు ఏటవాలు చెక్క మీద ఒంటికాలితో నెమ్మదిగా గుంజీలు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా పర్వాలేదు, తెల్లారేసరికి తగ్గాలి, తగ్గకపోతే కాలి మీద మోపే బరువు తగ్గించాలి. సీటు బాగా కిందికి ఉందని 2 సెంటీమీటర్లు లేపించారు, చిన్న గేరులో కాళ్లు తొందరగా తిప్పమన్నారు. వింటుంటే నాకు కాక చెప్పిన పొట్టి తాడే గుర్తొచ్చింది.

ఇన్సూరెన్స్ వాళ్లు ఆపరేషన్ అయితే డబ్బులిస్తారట, వ్యాయామానికి ఇవ్వరట. నాకు జీతం ఉంది, హైదరాబాద్ పోయి వచ్చాను. మోకాళ్ల మీదే బతికే కాకకు ఆ రెండేండ్లు ఈ వ్యాయామాలు ఎవరు చెప్పారు? మండలానికి ఒక్క ఫిజియోథెరపిస్ట్ ఉన్నా ఆయన అంత నొప్పి పడేవాడు కాదు కదా. ఇది తలచుకుంటే కడుపు మండుతోంది.

అయ్యో, మరిచిపోయాను. క్లాక్ టవర్ దగ్గర సీటు లేపి డబ్బులు తీసుకోని సైకిల్ షాపు తమ్ముడికి, బస్సులో ప్రతిసారీ కాలు చాపుకునే సీటు చూపించిన కండక్టర్ అక్కకు, మూడు వారాలు నా క్లాసులు కిందంతస్తుకు మార్చిన మా హెడ్‌మాస్టర్ సార్‌కు. ఇంకా, ఆ రోజు ఫోన్‌లో "మా ఆయన మంచోడే, బండెక్కు బిడ్డా" అన్న ఆ ఇంటామెకు. అక్కా, నీ ముఖం నేనింకా చూడలేదు. వచ్చే ఆదివారం వస్తున్నాను.