మంచు జాకెట్‌ను మందం చూసి కొనొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

సంక్రాంతి సెలవులకు కశ్మీర్ వెళ్లేవాళ్ల కోసం మీ ఆదివారం పర్యాటక పేజీలో వేసిన కథనం చదివాను. గుల్‌మర్గ్ గొండోలా (కొండ మీదకి తీసుకెళ్లే రోప్‌వే) గురించి, బస గురించి బాగానే రాశారు. కానీ స్నోబోర్డింగ్, అంటే రెండు కాళ్లూ ఒకే పలకకి బిగించుకుని మంచు మీద జారడం, చేయాలనుకునేవాళ్లు బాగా మందంగా ఉన్న జాకెట్ ఒకటి పట్టుకెళ్తే చాలని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, నా పేచీ అక్కడే. అసలే మా కోనసీమ వాళ్లం భోగి మంట పక్కన నిలబడి కూడా మఫ్లర్ తీయం, చలి అనగానే చెయ్యి మందపాటి దాని మీదకే పోతుంది, పేపర్లో కూడా అదే రాస్తే ఇంక ఆపేదెవరు?

స్నోబోర్డ్ కొత్తగా ఎక్కినవాడు నిలబడేది తక్కువ, పడేది ఎక్కువ. బూట్లను బోర్డుకి బిగించుకోవాలన్నా మంచులోనే చతికిలబడాలి. ఆ మంచు ఒంటి వేడికి కరిగి బట్టలోకి దిగుతుంది. లేచి, పడి, మళ్లీ లేచే తంటాలో లోపల చెమట పట్టేస్తుంది. అంటే తడి బయటి నుంచీ వస్తుంది, లోపలి నుంచీ వస్తుంది. బాతు ఈకలు నింపిన ఖరీదైన జాకెట్ కూడా తడిస్తే లోపల ఉండలు కట్టి వెచ్చదనం పోతుంది, ఇంక మందం ఎంతుంటే ఏం లాభం?

చూడాల్సింది లేబుల్ మీద రెండు అంకెలు. మొదటిది మిల్లీమీటర్లలో ఉంటుంది. 10,000 అని ఉంటే, ఆ బట్ట మీద 10 మీటర్ల ఎత్తు నీరు నిలబెట్టినంత ఒత్తిడి వరకూ తడి లోపలికి రాదని అర్థం. రెండోది గ్రాముల్లో, చదరపు మీటరు బట్ట గుండా 24 గంటల్లో ఎంత ఆవిరి బయటికి పోతుందో చెబుతుంది. ఈ రెండోది ఎందుకో మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. వానలో ప్లాస్టిక్ రైన్‌కోటు వేసుకుని రావులపాలెం నుంచి అమలాపురం దాకా బండి మీద వచ్చినవాళ్లని అడగండి, ఇంటికొచ్చి కోటు విప్పితే చొక్కా పిండుకోవచ్చు, అందులో వాన ఎంతో చెమట ఎంతో దేవుడికే తెలియాలి. నేర్చుకునేవాళ్లకి రెండు అంకెలూ 10,000 ఉంటే సరిపోతుంది. మంచు మరీ తడిగా పడే రోజుల్లో 15,000, 20,000 అయితే ఇంకా మంచిది.

మా ఊళ్లో ఒక షాపులో వాటర్‌ప్రూఫ్ అని చెప్పి, నమ్మకం కోసం సీసాలో నీళ్లు జాకెట్ చేతి మీద పోసి చూపించాడు. బొట్లు గుండ్రంగా జారిపోయాయి, చుట్టూ ఉన్నవాళ్లు ఆహా అన్నారు. అది పైన వేసిన పూత పని, నాలుగు ఉతుకులకి తగ్గిపోతుంది. జాకెట్ తిరగేసి చూపించమన్నాను. భుజం మీద కుట్టు పొడవునా సూది బెజ్జాలు వరసగా కనిపిస్తున్నాయి, వాటి మీద టేపు లేదు. ఆ బెజ్జాల్లోంచి నీళ్లు రావా అంటే మాట మార్చేశాడు. ఎంత మంచి బట్టయినా కుట్ల మీద టేపు అంటించకపోతే భుజాల దగ్గరే తడుస్తుంది.

లోపల నడుము చుట్టూ ఎలాస్టిక్ పట్టీ ఉందో లేదో కూడా చూడాలి, అది లేకపోతే పడినప్పుడల్లా మంచు నేరుగా వీపులోకే. చంకల కింద జిప్పులుంటే చెమట పట్టినప్పుడు తీసుకోవచ్చు. లోపల ఫ్లీస్ (మెత్తటి నూగు బట్టతో కుట్టిన స్వెటర్ లాంటిది) పట్టే కొలత చూసుకోండి, మోకాళ్లు వంచి చేతులు ముందుకు చాపితే జాకెట్ పైకి లేవకూడదు.

కాటన్ బనియన్, జీన్స్ ప్యాంటు మాత్రం వద్దు. కాటన్ చెమట పీల్చుకుని ఆరదు. ఒంటికి ఆనేది పాలిస్టర్ గానీ మెరినో ఉన్ని గానీ, దాని మీద ఫ్లీస్, అన్నిటికీ పైన జాకెట్. గొండోలా రెండో దశ ఎక్కి అఫర్వత్ కొండ వైపు వెళ్తే ఎత్తు దాదాపు 3,950 మీటర్లు, అక్కడి గాలికి ఈ మూడూ కావాలి. ఎండ కాసినప్పుడు మధ్యది తీసేయొచ్చు, ఒకటే లావుపాటి కోటైతే ఏం తీస్తారు?

నన్నడిగితే ఒక్కసారి సరదాకి వెళ్లేవాళ్లు అసలు కొనకూడదు. గుల్‌మర్గ్‌లో జాకెట్, ప్యాంటు, బూట్లు అద్దెకి దొరుకుతాయి, జిప్పులూ కుట్లూ చూసి తీసుకోవాలి. లోపలి బట్టలు, నీరు పట్టని గ్లౌజులు మాత్రం సొంతవి కొనుక్కోండి, పడినప్పుడు ముందు ఆనేది చేతులే. కొని తెచ్చి ఇక్కడ దాచుకోవడం ఇంకో తలనొప్పి. చాలా జాకెట్ల లోపల పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉంటుంది, వేడికీ తేమకీ అది పొలుసులుగా రాలిపోతుంది, మన గోదావరి గాలిలో ఆ రెండిటికీ కొదవేముంది? ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెడితే బూజు అదనం.

ఈసారి ఆ పేజీలో జాకెట్ బొమ్మ వేస్తే దయచేసి తిరగేసి లోపలి వైపు వేయండి, పక్కన ఆ రెండు అంకెల లేబుల్ కూడా.

ఇట్లు,
ఒక పాఠకుడు, అమలాపురం