సాల్ట్ ప్రింట్లు తీసుకున్న వారికి: పసుపెక్కినవి వెనక్కి తెచ్చివ్వండి

ఏప్రిల్ నుంచి జూన్ రెండో వారం దాకా మా కాకినాడ స్టూడియోలో సాల్ట్ ప్రింట్లు (ఉప్పూ వెండీ పట్టించిన కాగితం మీద ఎండలో తీసే ఫోటోలు) చేయించుకున్న ఇరవై ముగ్గురికీ ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ ప్రింట్లు నిలవవు. తప్పు పూర్తిగా నాదే. ప్రతి ఒక్కటీ మళ్లీ చేసి ఇస్తాను, ఒక్క రూపాయి కూడా తీసుకోను.

పోయిన నెల జగన్నాథపురం నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. చేతిసంచిలోంచి ఫ్రేము తీసి కౌంటర్ మీద పెట్టి, "బాబూ, మా నాన్నగారి చొక్కా పసుపు పట్టింది చూడు" అన్నారు. ఏప్రిల్‌లో నేను ఇచ్చిన రోజు ఆ చొక్కా కాగితమంత తెల్లగా ఉంది. ఇప్పుడు అంచుల నుంచి మొదలై భుజాల దాకా, మజ్జిగలో పసుపు కలిపిన రంగు. ఆ రాత్రి నా దగ్గర ఉంచుకున్న నమూనాలన్నీ బయటికి తీశాను. తొమ్మిదింటిలో ఆరు అలాగే ఉన్నాయి. తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

ఈ పని గురించి తెలియనివారికి కొంచెం చెబుతాను. ఇది ఫోటోగ్రఫీ పుట్టిన రోజుల నాటి పద్ధతి. ఇంగ్లండులో లేకాక్ అనే ఊళ్లో టాల్బట్ అనే శాస్త్రవేత్త 1834లో మొదలుపెట్టాడు, 1839లో లోకానికి చెప్పాడు. మంచి నూలు కాగితాన్ని పల్చటి ఉప్పునీటిలో తడిపి ఆరబెట్టాలి. నేను లీటరుకు 20 గ్రాముల ఉప్పు వేస్తాను, అయోడిన్ కలపనిది. తర్వాత మసక బల్బు వెలుతురులో సిల్వర్ నైట్రేట్ ద్రావణం పూయాలి, 100 మిల్లీలీటర్లకు 12 గ్రాములు. ఉప్పూ వెండీ కలిసి కాగితంలోనే వెలుతురుకు నల్లబడే పదార్థం తయారవుతుంది. దాని మీద ప్రింటు ఎంత సైజో అంత సైజు నెగెటివ్ పరిచి, అద్దం ఫ్రేములో బిగించి, మేడ మీద ఎండలో పెడతాం. డెవలపర్ అక్కర్లేదు, బొమ్మ ఎండలోనే కళ్లెదుట తేలుతుంది. ఫ్రేము వెనక సగం మాత్రమే తెరిచి ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. మొదటిసారి మా తాతయ్య మీసం అలా తేలడం చూసి నేను కిందికి పరిగెత్తి మా ఆవిడను పిలుచుకొచ్చాను.

ఎండలోంచి తీశాక కథ మొదలవుతుంది. మొదటి నీళ్లలో వేయగానే మిగిలిపోయిన వెండి బయటికొచ్చి ఆ నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడతాయి. తెలుపు పోయేదాకా నీళ్లు మారుస్తూ ఉండాలి. తర్వాత హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం. ఎండ తగలని చోట మిగిలిన పదార్థాన్ని హైపో తీసేస్తుంది. కానీ పని అయ్యాక హైపో కూడా కాగితంలో మిగలకూడదు. మిగిలితే అందులోని గంధకం వెండిని పట్టుకుని మెల్లగా పసుపు చేస్తుంది.

నేను చేసిన తప్పు ఇక్కడే. ఆ వేసవిలో ఆర్డర్లు ఎక్కువ, నీళ్లు తక్కువ. ఒకే హైపో ట్రేలో రోజంతా ప్రింట్లు నడిపాను. గంటసేపు కడగాల్సిన మందపాటి కాగితాన్ని పావుగంటకే తీసి ఆరబెట్టాను. పైకి చూస్తే బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను. లండన్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1855లో ఇదే సమస్య మీద, అంటే ప్రింట్లు ఎందుకు వెలిసిపోతున్నాయో తేల్చడానికి, ఒక కమిటీ వేసింది. సరిగ్గా కడగకపోవడమే ముఖ్య కారణమని ఆ కమిటీ చెప్పింది. ఆ సంగతి నేను చదివే ఉన్నాను. చదివి కూడా తొందరపడ్డాను.

మన ఎండలకు, మన ఉక్కకు ఈ పద్ధతే పనికిరాదేమో అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అది నిజం కాదు. అదే 1855లో బర్మా వెళ్లిన లినియస్ ట్రైప్ అనే ఫోటోగ్రాఫర్ అక్కడ తీసిన 120 దృశ్యాలను బెంగళూరులో ఇలాంటి కాగితం మీదే ప్రింటు చేశాడు. అవి నేటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. లోపం పద్ధతిది కాదు, కడిగిన చేతులది.

ఇప్పుడు ఏం మార్చానంటే, హైపో ట్రేలు రెండు పెట్టాను, రోజూ కొత్తది కలుపుతున్నాను. కడగడం పూర్తి గంట. చివరి నీళ్లను గులాబీ రంగు పర్మాంగనేటులో చుక్కలుగా వేసి చూస్తున్నాను. రంగు పోతే హైపో ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడుగుతాను. ద్రావణాలకు బోరు నీళ్లు పూర్తిగా మానేశాను. మన బోరులో ఉప్పు ఎక్కువ, సిల్వర్ నైట్రేట్ కలపగానే సీసాలోనే తెల్లగా విరిగిపోతుంది. హైపోకు ముందు గోల్డ్ టోనింగ్ కూడా చేస్తున్నాను. బంగారం వెండి మీద పొరలా పట్టి కాపాడుతుంది. దానివల్ల ఇటుక రంగు తగ్గి కొంచెం వంకాయ ఛాయ వస్తుంది. పాత రంగే కావాలంటే ముందే చెప్పండి.

ఇంకొక విషయం. పూజగదిలో పెట్టుకోవచ్చా అని ఒకరు అడిగితే ఆలోచించాను. కాగితం గట్టిపడటానికి నేను వాడుతూ వచ్చింది జెలటిన్, అంటే పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసేది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సింది. ఇక నుంచి దాని బదులు పాలగుండ పిండి కాచి వాడుతున్నాను. ఈ పద్ధతిలో పాలగుండ కూడా పాత వాడకమే, పైగా బొమ్మ ఇంకా తేటగా వస్తోంది.

టోనింగ్ వల్ల 8×10 అంగుళాల ప్రింటు ధర 1,800 నుంచి 2,600 అయింది. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే. దసరా వెళ్లేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోను. మబ్బు పట్టిన రోజున ఒక్క ప్రింటుకే గంట దాటుతోంది, ఉన్న ఎండ ముందు ఆ ఇరవై మూడింటికి.

మీ ప్రింటు వెనక పెన్సిల్‌తో తేదీ ఉంటుంది. జూన్ 14 లోపుదైతే, ఇంకా పసుపెక్కకపోయినా తీసుకురండి. రసీదు అక్కర్లేదు. ఫ్రేము మీరు విప్పకండి, నేను విప్పి మళ్లీ కట్టిస్తాను. నెగెటివ్‌లన్నీ నా దగ్గరే ఉన్నాయి. వేరే ఊళ్లకు పంపించినవారు చిరునామా చెబితే కొత్తది కొరియర్ చేస్తాను, ఖర్చు నాదే.

పెద్దావిడ నాన్నగారి ప్రింటు మొన్న ఆదివారం చేశాను. ఇప్పుడు అద్దం మీద ఆరుతోంది, చొక్కా తెల్లగా ఉంది. ఇంకో రెండు రోజులు చూసి నేనే జగన్నాథపురం తీసుకెళ్లి ఇస్తాను.